ఎవరు నిలదొక్కుకుంటారు? ప్రవేశాల వేళ విద్యార్థి ఫలితాన్ని అంచనా వేయడం ఎలా

ప్రవేశాలకు పెట్టే ప్రతి నిబంధన వెనుకా ఒక జోస్యం ఉంటుంది. ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కులతో సీట్లు ఇస్తుందంటే, పదిలో బాగా చదివినవారు ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులోనూ రాణిస్తారని దాని నమ్మకం. ప్రభుత్వ నాన్‌రెసిడెన్షియల్ బడుల పిల్లలకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు (వసతుల లేమికి పరిహారంగా ఇచ్చే అదనపు మార్కులు) కలపడం న్యాయం కోసమే. అయితే అందులో ఒక అంచనా కూడా ఉంది: వసతులు లేని చోట తెచ్చుకున్న 540 మార్కులు, అన్నీ అమరిన చోట వచ్చిన 540 కంటే ఎక్కువ చెబుతాయని. ఈఏపీసెట్ ర్యాంకులో 75 పాళ్లు ప్రవేశ పరీక్షకు, 25 పాళ్లు ఇంటర్ మార్కులకు ఇస్తారు. కోవిడ్ కాలంలో ఆ 25 పాళ్లను పక్కన పెట్టి, తర్వాత మళ్లీ తెచ్చారు.

ఇవన్నీ లెక్క వేసి పరీక్షించదగిన నమ్మకాలు. కానీ ప్రవేశాల కమిటీల్లో వాదన ఎంత పొడుగ్గా సాగినా, పాత బ్యాచ్‌ల మార్కుల రిజిస్టరు తెరిచి చూద్దామనే మాట అరుదుగా వస్తుంది. ఈ మార్గదర్శి ఆ రిజిస్టరు తెరిచేవారి కోసం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల్లో, విశ్వవిద్యాలయ విభాగాల్లో ప్రవేశాల బాధ్యత మోస్తున్న అధ్యాపకుల కోసం. ఎక్సెల్ వాడటం వచ్చి, సగటు, ప్రామాణిక విచలనం అంటే తెలిస్తే చాలు. ఉదాహరణకు 40 సీట్ల ఎమ్మెస్సీ గణితం విభాగాన్ని ఊహించుకుందాం. ఆ విభాగం పేరిట వచ్చే అంకెలన్నీ లెక్క చూపడానికి నేను వేసుకున్నవే.

మొదటి అడుగు: ఎంపిక మీ చేతుల్లో ఉందో లేదో చూడండి

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీ సీట్లు 2021 నుంచి ఏపీ పీజీసెట్ ర్యాంకు మీద భర్తీ అవుతున్నాయి. ఇంజినీరింగ్‌కు ఈఏపీసెట్, ఎంబీఏకు ఐసెట్. కన్వీనర్ ఇచ్చిన క్రమాన్ని మీ సమీకరణం ఎంత గొప్పదైనా ఒక్క స్థానం కూడా కదపలేదు, కదపకూడదు. రిజర్వేషన్లు (ఎస్సీ 15 శాతం, ఎస్టీ 6, బీసీ 29, ఈడబ్ల్యూఎస్ 10), స్థానిక కోటా ఇవన్నీ లెక్కకు బయట, లెక్కకు పైన ఉండే విషయాలు. అంచనాకు చోటు ఉండేది మూడు సందర్భాల్లో: సంస్థే స్వయంగా ప్రవేశ నిబంధనలు రూపొందించుకోగల కోర్సులకు, పాలక మండలికో ప్రభుత్వానికో పాళ్లు మార్చమని ప్రతిపాదన పంపేటప్పుడు, చేరిన వారిలో ఎవరికి మొదటి నెల నుంచే అదనపు తరగతులు కావాలో తేల్చేటప్పుడు.

రెండో ప్రశ్న దీనికంటే సూటిది. సీట్ల కంటే దరఖాస్తులు ఎన్ని ఎక్కువ? 1939లో టేలర్, రసెల్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనికి పట్టికలు కట్టారు. ఎవరిని తీసుకున్నా సగం మంది గట్టెక్కే కోర్సు అనుకోండి. మీ ప్రవేశ కొలతకూ తుది ఫలితానికీ సహసంబంధం (రెండు కొలతలు ఎంతగా కలిసి పెరుగుతాయో చెప్పే అంకె; సున్నా అంటే పొంతన లేదు, ఒకటి అంటే పూర్తి పొంతన) 0.30 ఉంది. పది మందిలో ఒకరినే తీసుకునే చోట, గట్టెక్కేవారు 50 శాతం నుంచి సుమారు 71 శాతానికి పెరుగుతారు. అదే కొలతతో పది మందిలో తొమ్మిది మందిని తీసుకుంటే 52 శాతం దగ్గరే ఆగిపోతారు. నాలుగు వందల దరఖాస్తులకు నలభై సీట్లుంటే బలహీనమైన కొలత కూడా పనికొస్తుంది. నలభై అయిదు దరఖాస్తులకు నలభై సీట్లుంటే ఎంత పదునైన కొలతా ఏమీ చేయలేదు. సీట్లు మిగిలిపోయి స్పాట్ అడ్మిషన్ల నోటీసు అంటించే విభాగం ఎంపిక సూత్రాల మీద తగవులాడటం వృథా ప్రయాస. అయితే ఆ విభాగం రికార్డులకు వేరే విలువ ఉంది. దాని సంగతి నాలుగో అడుగులో.

రెండో అడుగు: విజయం అంటే ఏమిటో రాసుకోండి

ఇక్కడ తొందరపడితే తర్వాత చేసే లెక్కంతా తప్పు ప్రశ్నకు సరైన జవాబు అవుతుంది. ‘మంచి విద్యార్థి’ అన్నది కొలత కాదు. కోర్సును గడువులో పూర్తి చేయడం, తుది సీజీపీఏ, బ్యాక్‌లాగ్‌ల సంఖ్య, మొదటి ఏడాది దాటి కొనసాగడం, వీటిలో ఏది కావాలో కమిటీ కాగితం మీద పెట్టాలి. ఒక్కటే ఎంచుకోమంటే నేను రెండు కలిపి చూస్తాను: గడువులో పూర్తి చేశారా లేదా అనేది ఒకటి, పూర్తి చేసిన వారిలో థియరీ పేపర్ల సగటు మరొకటి.

సీజీపీఏ అనకుండా థియరీ పేపర్ల సగటు అనడానికి కారణం ఉంది. ఇంటర్నల్ మార్కులు, ప్రాజెక్టు వైవా మార్కులు చాలా చోట్ల అందరికీ 80 శాతం పైనే ఉంటాయి. అందరికీ ఒకేలా వచ్చే మార్కు ఎవరి గురించీ ఏమీ చెప్పదు. విశ్వవిద్యాలయం దిద్దించిన థియరీ మార్కుల్లోనే పిల్లల మధ్య తేడా కనిపిస్తుంది.

మానేసిన వారి సంగతి ఇంకా చిక్కు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల నియామకాలు జరిగాయి. 2025లో 16,347 టీచర్ పోస్టులకు మెగా డీఎస్సీ వచ్చింది. ఇలాంటి ఏడాది పీజీ మధ్యలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయిన అమ్మాయిని ‘విఫలం’ అనే గడిలో వేస్తే, మీ సమీకరణం తెలివైన వారిని తీసుకోవద్దని నేర్చుకుంటుంది. బీఈడీ సీటు వచ్చి వెళ్లినవారు, పెళ్లై వెళ్లినవారు, ఇంటి దగ్గర జీడితోట చూసుకోవడానికి ఆగిపోయినవారు, రెండు సెమిస్టర్లు తప్పి రాకుండా పోయినవారు, వీరందరికీ వేర్వేరు గుర్తులు పెట్టండి. టీసీ తీసుకున్నప్పుడు రాసిన కారణం సాధారణంగా ‘సొంత పనులు’ అనే ఉంటుంది, దాని మీద ఆధారపడకండి. ఆ బ్యాచ్ క్లాస్ ప్రతినిధికి ఫోను చేస్తే పావుగంటలో అందరి సంగతులూ తెలుస్తాయి.

మొదటి సెమిస్టర్ మార్కులను మాత్రమే విజయంగా తీసుకోవడం ఇంకో ఉచ్చు. ఆ అంకె త్వరగా దొరుకుతుంది కాబట్టి చాలామంది దాన్నే వాడతారు. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి వచ్చినవారు, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాధ్యమంలో బడి చదువు పూర్తి చేసినవారు మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు పాఠ్య పుస్తకాలతో కుస్తీ పట్టి, మూడో సెమిస్టర్‌కు కుదురుకోవడం అధ్యాపకులు గమనించేదే. మొదటి సెమిస్టర్‌నే కొలతగా పెట్టుకుంటే ఆ కుదురుకున్న భాగం లెక్కలోకి రాదు.

మూడో అడుగు: రికార్డులు సమకూర్చి, మార్కులను ఒకే కొలమానంలోకి తేవడం

ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస. పేరు, ఆధార్, హాల్ టికెట్ నంబరు తీసేసి ఒక వరుస సంఖ్య ఇవ్వండి. ఆ సంఖ్య ఎవరిదో చెప్పే జాబితా విభాగాధిపతి బీరువాలో వేరుగా ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక ఎక్సెల్ ఫైలును వాట్సాప్ గ్రూపులో తిప్పడం మర్యాద తప్పడం మాత్రమే కాదు.

గడులు ఎక్కువ వద్దు. డిగ్రీ కళాశాల, పూర్తి చేసిన ఏడాది, డిగ్రీలో ఆ సబ్జెక్టు మార్కులు, మొత్తం మార్కులు, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులు, ప్రవేశ పరీక్ష స్కోరు, బోధనా మాధ్యమం, హాస్టలా లేక రోజూ ప్రయాణమా, తర్వాత సెమిస్టర్ల వారీగా థియరీ మార్కులు. పలాస నుంచి ప్యాసింజర్ రైలులో, సీతంపేట నుంచి బస్సులో రోజూ వచ్చిపోయేవారి ప్రయాణ గంటలు రాసుకోవడం మంచిదే. కానీ అది ఎంపికలో వాడటానికి కాదు, హాస్టల్ గదులు ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చడానికి. దూరం నుంచి వస్తున్నారని సీటు నిరాకరించే సూత్రం లెక్కలో నిలబడినా సభలో నిలబడదు.

కొన్ని బ్యాచ్‌లకు ఎర్ర గుర్తు పెట్టాలి. 2021లో ఇంటర్ రెండో ఏడాది థియరీ పరీక్షలు రద్దయ్యాయి. పదో తరగతి మార్కులకు 30 శాతం, ఇంటర్ మొదటి ఏడాదికి 70 శాతం పాళ్లు ఇచ్చి ఫలితాలు ప్రకటించారు. ఆ పిల్లలు 2024లో డిగ్రీ ముగించారు. వారి ఇంటర్ మార్కులను మిగతా బ్యాచ్‌ల మార్కులతో ఒకే వరుసలో పోల్చలేం. పీజీసెట్ రాకముందు విశ్వవిద్యాలయాలు విడివిడిగా పెట్టిన ప్రవేశ పరీక్షల స్కోర్లూ అంతే. మన తీరానికి అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం పిల్లలకు వారాల తరబడి ఇంట్లో కరెంటు లేదు. ఆ సెమిస్టర్ మార్కులు ఆ పిల్లల సామర్థ్యాన్ని కాక తుపానును కొలిచి ఉండవచ్చు.

ఇక మార్కుల పోలిక. ఒక స్వయంప్రతిపత్తి కళాశాలలో 85 శాతం, ఇంకో అనుబంధ కళాశాలలో 70 శాతం వచ్చాయంటే మొదటి విద్యార్థి మెరుగని చెప్పలేం. ఎవరి కళాశాలలో, ఎవరి బ్యాచ్‌లో వారి స్థానం ఎక్కడో చూడాలి. విద్యార్థి మార్కుల్లోంచి ఆ కళాశాల సగటును తీసేసి, ఆ కళాశాల ప్రామాణిక విచలనంతో భాగిస్తే ప్రామాణిక స్కోరు వస్తుంది. 85 వచ్చిన చోట సగటు 82, విచలనం 6 అయితే స్కోరు 0.5. 70 వచ్చిన చోట సగటు 58, విచలనం 8 అయితే స్కోరు 1.5. సగటు, విచలనం కావాలంటే ఆ కళాశాల ఫలితాల జాబితా కావాలి. శ్రీకాకుళం జిల్లా డిగ్రీ కళాశాలలు ఎచ్చెర్లలోని డాక్టర్ బీఆర్ అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి అనుబంధం కాబట్టి పరీక్షల విభాగాన్ని అధికారికంగా అడగవచ్చు.

ఇందులోనూ ఒక లోపం ఉంది. బలమైన పిల్లలే చేరే కళాశాలలో మధ్యస్థంగా ఉన్న విద్యార్థికి ఈ స్కోరు అన్యాయం చేస్తుంది. అందుకే అందరూ ఒకే పేపరు రాసిన ప్రవేశ పరీక్ష స్కోరు దీనికి జంటగా ఉండాలి. ఒకదాని లోపాన్ని ఇంకొకటి సరిదిద్దుతుంది. పది మందే ఉన్న కళాశాలల విషయంలో ఒక్క ఏడాది సగటును నమ్మకుండా నాలుగైదేళ్లు కలిపి తీసుకోండి.

నాలుగో అడుగు: చేరని వారి సంగతి

ఈ మొత్తం వ్యవహారంలో అసలు మెలిక ఇదే, అందుకే దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

‘ప్రవేశ పరీక్ష మార్కులకూ మా పిల్లల ఫలితాలకూ పొంతనే లేదండీ, ఎక్సెల్‌లో కోరెల్ ఫార్ములా పెడితే 0.25 వచ్చింది’ అని ఒక విభాగాధిపతి అన్నారనుకోండి. ఆయన లెక్క సరైనదే, ముగింపు సరైనది కాదు. నాలుగు వందల మంది పరీక్ష రాస్తే పై నలభై మందే ఆయన తరగతిలో కూర్చున్నారు. వారి మార్కులన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. అంత ఇరుకైన పరిధిలో ఏ కొలతైనా బలహీనంగానే కనిపిస్తుంది. వాలీబాల్ జట్టులో అందరూ ఆరడుగుల వారే అయితే, ఎత్తుకూ ఆటకూ సంబంధం లేదనిపించినట్టు. మిగిలిన 360 మంది ఈ కోర్సులో ఏమయ్యేవారో ఎవరికీ తెలియదు, రిజిస్టరులో వారి ఫలితం లేదు.

దీన్ని కొంతవరకు సరిదిద్దే సూత్రం ఉంది. దరఖాస్తు చేసిన అందరి మార్కుల ప్రామాణిక విచలనం 12, చేరిన వారిది 6 అనుకోండి. నిష్పత్తి 2. తరగతిలో కనిపించిన సహసంబంధం 0.25ను 2తో గుణిస్తే 0.5. హారం కోసం 0.25 వర్గాన్ని, అంటే 0.0625ను ఒకటి లోంచి తీసివేసి, 0.5 వర్గాన్ని, అంటే 0.25ను కలపండి: 1.1875. దాని వర్గమూలం సుమారు 1.09. 0.5ను 1.09తో భాగిస్తే 0.46. పనికిరాదనుకున్న పరీక్ష నిజానికి చెప్పుకోదగిన కొలతే. ఈ సూత్రానికి షరతులున్నాయి: ఎంపిక ఆ ఒక్క మార్కు మీదే జరిగి ఉండాలి, సంబంధం సరళరేఖలో ఉండాలి. మన పరిస్థితి దీనికి పూర్తిగా ఒదగదు. పై ర్యాంకులు తెచ్చుకున్నవారిలో చాలామంది విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లిపోతారు. కింది వారు అర్హత లేక ఆగిపోతారు. రెండు వైపులా కత్తిరించిన గుంపు మన దగ్గర మిగులుతుంది. కాబట్టి వచ్చిన 0.46ను ఒక సూచనగా తీసుకోండి, తీర్పుగా కాదు.

ఇంకో మాయ కూడా ఉంది. డిగ్రీ మార్కులు, ప్రవేశ మార్కులు కలిపి ఎంపిక చేసిన చోట, తక్కువ ప్రవేశ మార్కులతో లోపలికి వచ్చినవారు తప్పనిసరిగా డిగ్రీలో ఎక్కువ తెచ్చుకున్నవారే అయి ఉంటారు. దాంతో చేరిన వారిలో ఈ రెండు మార్కులూ ఒకదానికొకటి ఎదురు తిరిగినట్టు కనిపిస్తాయి. బయట దరఖాస్తుదారులందరిలో అవి చేయీ చేయీ పట్టుకుని నడుస్తాయి. తరగతిలోని లెక్క చూసి ఒక కొలతను ఎత్తేసే ముందు ఈ విషయం గుర్తుంచుకోండి.

మరి నిజం ఎక్కడ దొరుకుతుంది? సీట్లు మిగిలిపోయిన సంవత్సరాల్లో. వచ్చిన ప్రతి ఒక్కరికీ సీటు ఇచ్చిన ఏడాది, అధ్యాపకులు తలపట్టుకున్న ఏడాదే, పై ర్యాంకు నుంచి కింది ర్యాంకు దాకా అందరూ ఒకే తరగతిలో కూర్చున్న ఏడాది. తక్కువ మార్కులతో వచ్చినవారు ఏమయ్యారో ఆ రిజిస్టరు ఒక్కటే చెబుతుంది. విభాగాలు ఆ సంవత్సరాలను ‘అసాధారణం’ అని పక్కన పడేస్తుంటాయి. నేనైతే లెక్క అక్కడి నుంచే మొదలుపెడతాను. ఎంపిక గట్టిగా జరిగిన ఏళ్లనూ, సీట్లు మిగిలిన ఏళ్లనూ విడివిడిగా లెక్కించి సహసంబంధాలు పోల్చండి. రెండో దాంట్లో అంకె గణనీయంగా పెరిగితే పైన చెప్పిన మెలిక మీ కళ్లముందే ఉన్నట్టు.

ఐదో అడుగు: సమీకరణం, చిన్నదిగా

నలభై మంది బ్యాచ్ ఒక్కటి చూసి ఏదీ తేల్చలేం. 40 మందిలో 0.30 సహసంబంధం వచ్చిందంటే, అసలు విలువ దాదాపు సున్నా నుంచి దాదాపు 0.6 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. 200 మందిలో అదే 0.30 వస్తే 0.17 నుంచి 0.42 మధ్య ఉంటుందని చెప్పవచ్చు. కనీసం ఐదు బ్యాచ్‌లు కలపాలి. ఒక్కో అంశానికి (అంచనాకు వాడే ఒక్కో కొలతకు) కనీసం పది, ఇరవై మంది విద్యార్థుల రికార్డులు ఉండాలనే లెక్క రెండు వందల మందికి పది అంశాల దాకా ఒప్పుకున్నా, మూడు, నాలుగుకు మించి పెట్టడం దురాశ. కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ ముప్పై అంశాలు మింగి 95 శాతం ఖచ్చితత్వం చూపిస్తుందని ఎవరైనా అమ్మజూపితే, ‘మీరు చూడని బ్యాచ్ మీద ఎంత?’ అని ఒక్క ప్రశ్న వేయండి.

ఏ అంశానికి ఎంత పాలు ఇవ్వాలో పాత రికార్డుల నుంచి తేల్చే లెక్కను రిగ్రెషన్ అంటారు. ఎక్సెల్‌లో ఆ ఎంపిక డేటా అనాలిసిస్ అనే భాగంలో ఉంటుంది. ఉచితంగా దొరికే ఆర్ లేదా పైథాన్ వాడినా ఇదే పని. మన ఊహా విభాగానికి ఇలా వచ్చిందనుకుందాం: పదికి అంచనా థియరీ సగటు = 3.1 + డిగ్రీ పర్సెంటైల్‌కు 0.03 రెట్లు + ప్రవేశ పరీక్ష పర్సెంటైల్‌కు 0.02 రెట్లు. పర్సెంటైల్ అంటే నూటికి ఎంతమంది ఆ విద్యార్థి కంటే వెనుక ఉన్నారో చెప్పే అంకె. డిగ్రీలో 80, ప్రవేశ పరీక్షలో 60 పర్సెంటైల్ ఉన్న విద్యార్థికి 3.1 + 2.4 + 1.2 = 6.7.

దీన్ని పరీక్షించే పద్ధతి ఒక్కటే. చివరి బ్యాచ్‌ను పక్కన పెట్టి, ముందు బ్యాచ్‌లతో సమీకరణం కట్టి, పక్కన పెట్టినవారికి అంచనా వేసి, అసలు ఫలితంతో పోల్చాలి. అందరినీ కలిపి లాటరీ తీసినట్టు విడగొట్టడం ఇక్కడ పనికిరాదు. మనకు కావలసింది రాబోయే ఏడాది జోస్యం, కాబట్టి పరీక్ష కూడా కాలక్రమంలోనే జరగాలి.

ఒకవేళ బ్యాచ్ బ్యాచ్‌కూ పాళ్లు ఊగిపోతుంటే, పాళ్లు లెక్కించడం మానేసి రెండు స్కోర్లనూ ప్రామాణికం చేసి సమానంగా కలపండి. ఇలాంటి సమాన పాళ్ల సూత్రాలు తరచూ నిపుణుల అంతర్దృష్టి కంటే మెరుగ్గా పనిచేస్తాయని అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబిన్ డాస్ 1979లోనే చూపించారు. చిన్న సమూహాల్లో అవి రిగ్రెషన్ పాళ్లకు పెద్దగా తీసిపోవు. వివరించడం తేలికన్న లాభమూ ఉంది. ప్రభుత్వ సంస్థ అయితే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఏ విద్యార్థి తండ్రైనా ‘మా అబ్బాయికి సీటు ఎందుకు రాలేదు’ అని అడగవచ్చు. ఒక పేజీలో జవాబు రాయలేని సూత్రాన్ని వాడకండి.

ఆరో అడుగు: మార్కులకు అవతల

సిఫారసు లేఖల గురించి చెప్పేదేమీ లేదు. అందరూ వినయశీలురే, అందరూ కష్టపడేవారే.

ఇంటర్వ్యూ అంటే మనవారికి మక్కువ ఎక్కువ. కానీ నోటికొచ్చిన ప్రశ్నలతో సాగే పది నిమిషాల సంభాషణ ఫలితాన్ని చాలా బలహీనంగా అంచనా వేస్తుందని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. పైగా ‘ఏ ఊరు? ఎవరబ్బాయివి?’ అనే రెండు ప్రశ్నల్లో కులం, కుటుంబం, పలుకుబడి అన్నీ గదిలోకి వచ్చేస్తాయి. పెట్టక తప్పదంటే అందరికీ అవే ప్రశ్నలు అదే వరుసలో అడగాలి. ముగ్గురు అధ్యాపకులు చర్చకు ముందే విడివిడిగా మార్కులు వేసి కాగితాలు అప్పగించాలి. ఇంటర్వ్యూ గదిలో దరఖాస్తు కాకుండా వరుస సంఖ్య మాత్రమే ఉండాలి.

వీటన్నిటికంటే మంచి దారి ఒకటి ఉంది, మన దగ్గర ఎవరూ దాని వైపు చూడటం లేదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్ర విభాగంలో ప్రవేశం కోరేవారికి మొదటి ఏడాది పాఠ్య పుస్తకంలోని భాగాన్నే ముందుగా ఇచ్చి, ఇంటి దగ్గర చదువుకుని రమ్మని, దాని మీద పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష మొదటి ఏడాది ఫలితాలను దాదాపు స్కూలు మార్కులంత బాగా అంచనా వేసింది. కారణం ఊహించదగినదే: కోర్సులో చేయవలసిన పనినే చిన్న మోతాదులో చేయించి చూశారు.

దీన్ని మన ఎమ్మెస్సీ గణితానికి ఇలా మలచుకోవచ్చు. రియల్ అనాలిసిస్‌లో డిగ్రీ సిలబస్‌కు కాస్త అవతల ఉండే ఒక చిన్న అంశం ఎంచుకోండి. మీ అధ్యాపకురాలే నలభై నిమిషాల పాఠం చెప్పగా ఫోనుతో రికార్డు చేసి, ఎనిమిది పేజీల నోట్సు జత చేయండి. పాఠం తరగతిలో నిజంగా నడిచే తీరులోనే ఉండాలి, అంటే నోట్సు ఇంగ్లీషులో, వివరణ తెలుగులో. దరఖాస్తుదారులకు పది రోజులు గడువు ఇవ్వండి. ఏజెన్సీ గ్రామాల్లో సిగ్నల్ అందని పిల్లలకు పెన్ డ్రైవ్‌లోనో, నోట్సు మాత్రమేనో అందేలా సీతంపేట, పార్వతీపురం లాంటి చోట్ల ఒక కళాశాలను కేంద్రంగా పెట్టాలి. తర్వాత గంటన్నర పరీక్ష: సగం ప్రశ్నలు నోట్సులోని సిద్ధాంతాల మీద, సగం నోట్సులో లేని కొత్త లెక్కల మీద. ఈ రెండు సగాల మార్కులూ విడిగా రాసుకోండి. రెండేళ్ల తర్వాత ఏ సగం ఫలితాన్ని ముందే పట్టుకుందో తెలుస్తుంది.

కోచింగ్ సెంటర్లు దీనికీ నోట్సు అమ్ముతాయి కదా అంటారా? అంశం ఏటా మారితే, నేర్పవలసింది రియల్ అనాలిసిస్ అయితే, కోచింగ్ సెంటర్ మీ పనే కొంత చేసి పెట్టినట్టు. మరో మేలు: పాఠం విని, ‘ఇది నా వల్ల కాదు’ అని తనంతట తానే బీఈడీ వైపు వెళ్లే విద్యార్థి ఒక ఏడాది ఆదా చేసుకుంటాడు.

ఏడో అడుగు: సమీకరణం ఎవరి విషయంలో తప్పుతోంది?

ప్రతి విద్యార్థికీ అసలు ఫలితం లోంచి అంచనాను తీసివేయండి. 6.7 అంచనా వేస్తే 7.1 వచ్చిందంటే తేడా +0.4. ఈ తేడాలను గుంపుల వారీగా సగటు చూడండి: అమ్మాయిలు, తెలుగు మాధ్యమం వారు, గిరిజన ప్రాంతాల వారు, రోజూ ప్రయాణించేవారు, మొదటి తరం విద్యార్థులు. తెలుగు మాధ్యమం వారు 30 మంది, సగటు తేడా +0.35 అనుకుందాం. అందరి తేడాల ప్రామాణిక విచలనం, అంటే అంచనా దోషం, 0.8 అయితే, దాన్ని 30 వర్గమూలంతో భాగించగా సుమారు 0.15. దానికి రెట్టింపు 0.3. తేడా అంతకంటే ఎక్కువ కాబట్టి ఇది కాకతాళీయం కాకపోవచ్చు. మీ సూత్రం వారిని తక్కువ చేసి చూపుతోంది. అమెరికాలో ప్రవేశ పరీక్షల స్కోర్లు అమ్మాయిల కళాశాల మార్కులను ఇలాగే తక్కువగా అంచనా వేస్తాయని పదే పదే తేలింది. ఇక్కడా చూడకుండా ఊరుకోవద్దు.

తేడా కనిపిస్తే ఏం చేయాలి? ముందు ఎక్కడ పుట్టిందో వెతకాలి. ప్రవేశ పరీక్ష ప్రశ్నల భాష గణితంతో పాటు ఇంగ్లీషును కూడా కొలుస్తుంటే దాని పాలు తగ్గించి డిగ్రీ సబ్జెక్టు మార్కుల పాలు పెంచి మళ్లీ చూడండి. కులం, మతం, లింగం మాత్రం సమీకరణంలోకి ఎక్కించకండి. వాటి విషయంలో ఏం చేయాలో రాజ్యాంగం, ప్రభుత్వ ఉత్తర్వులు చెబుతాయి.

కళాశాల పేరును అంశంగా పెట్టాలనే ఆశ కూడా పుడుతుంది. ‘ఆ కళాశాల నుంచి వచ్చినవారు మా దగ్గర నిలవరు’ అనే మాటకు లెక్క తోడు కూడా దొరకవచ్చు. 2020 ఆగస్టులో ఇంగ్లండులో ఇదే జరిగింది. పరీక్షలు రద్దయినప్పుడు ఆఫ్‌క్వాల్ అనే నియంత్రణ సంస్థ పాఠశాల గత ఫలితాలను కూడా లెక్కలో కలిపి ఏ లెవెల్ (మన ఇంటర్ లాంటి చదువు) గ్రేడ్లు తేల్చింది. ఉపాధ్యాయులు ఇచ్చిన గ్రేడ్లలో దాదాపు 39 శాతం కిందికి దిగాయి. పేద ప్రాంతాల పాఠశాలల్లోని మెరికల్లాంటి పిల్లలు తమ బడి చరిత్రకు బలయ్యారు. విద్యార్థులు వీధుల్లోకి రాగా కొద్ది రోజుల్లోనే ఆ ఫలితాలను వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది మన ఇంటర్ బోర్డు వాడింది విద్యార్థి సొంత పాత మార్కులనే. ఆ పద్ధతిలో లోపాలున్నా, ఒక పిల్లకు ఆమె బడిలో ముందు చదివినవారి మార్కులు అంటలేదు. కళాశాల సగటును పోలికకు కొలబద్దగా వాడటం వేరు, విద్యార్థి మీద మచ్చగా వాడటం వేరు.

ఎనిమిదో అడుగు: గీత గీసే చోట

మన ఉదాహరణలో అంచనా దోషం 0.8. దానికి రెట్టింపు అటూ ఇటూ తీసుకుంటే, 6.7 అంచనా ఉన్న విద్యార్థి అసలు ఫలితం 5.1 నుంచి 8.3 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. నలభయ్యో స్థానంలోని 6.41కీ, నలభై ఒకటో స్థానంలోని 6.39కీ తేడా ఏమిటి? ఏమీ లేదు. ఒకరికి సీటు, ఒకరికి ‘క్షమించండి’. జాబితా పైభాగంలో ఇరవై ఐదు మందిని నిశ్చింతగా తీసుకోవచ్చు, అడుగు భాగాన్ని నిశ్చింతగా ఆపవచ్చు. మధ్యలో లెక్క మాట్లాడలేని పట్టీ ఒకటి ఉంటుంది. ఆ పట్టీలో ఏం చేస్తారో ముందే రాసిపెట్టుకోవాలి. సబ్జెక్టు మార్కులు ముందు చూస్తారా, ప్రభుత్వ కళాశాల వారికి మొగ్గు ఇస్తారా, చీటీ తీస్తారా? చీటీ అంటే నవ్వకండి. నెదర్లాండ్స్‌లో వైద్య విద్య సీట్లను దశాబ్దాల పాటు మార్కులను బట్టి అవకాశం పెరిగే లాటరీతో ఇచ్చారు. చీటీకి బంధువులు ఉండరు, ఫోన్లు రావు.

పాళ్లు, పట్టీ నియమం, గడువు తేదీలు అన్నీ దరఖాస్తుల నోటిఫికేషన్‌లోనే ఉండాలి. దరఖాస్తులు చేతికొచ్చాక పాళ్లు మార్చే కమిటీకి తెలిసో తెలియకో ఎవరో ఒకరి ముఖం కళ్లముందు ఉంటుంది.

తర్వాత ఏటా జూన్‌లో కొత్త బ్యాచ్ ఫలితాలు చేర్చి లెక్క మళ్లీ చేయండి. ముఖ్యంగా ఒకటి చూడండి: డిగ్రీ మార్కులకు పాలు పెరిగిందని తెలిశాక, కొన్ని కళాశాలల్లో ఇంటర్నల్ మార్కులు ఒక్కసారిగా ఉబ్బుతాయి. కళాశాలల వారీగా ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ మార్కుల తేడాను పక్కపక్కన పెట్టి గీస్తే ఆ ఉబ్బు వెంటనే కనిపిస్తుంది. సీటు రాని వారి దరఖాస్తు ఫారంలో, రెండేళ్ల తర్వాత వారి ఫలితాన్ని అడిగి తెలుసుకోవడానికి సమ్మతి తీసుకునే గడి ఒకటి చేర్చండి. వారిలో కొందరు పక్క విశ్వవిద్యాలయంలో ఇదే కోర్సు చదువుతారు. సంతకం పెట్టిన వారికి ఫోను చేసే పని ఎవరిదో, ఏ నెలలో చేస్తారో కమిటీ మినిట్స్ పుస్తకంలో పేరుతో సహా రాయించండి.